సెంట్రింగ్ మీద తీన్మార్

మొగిలమ్మ దయ్యాన్ని దులిపిన తర్వాతే స్లాబు పోస్తుందని వరంగల్ మట్టెవాడలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది.

చాయ్ హోటల్లో ఆ మాట ఒక తీరుగా ఉంటుంది. సెంట్రింగ్ సామాను ఊరంతా తిరుగుతుంది, ఎవరింట్లో ఏం అంటించుకుని వస్తుందో ఎవరికి తెలుసు? ఒకసారి ఎక్కడినుంచో వచ్చిన రేకులకు గాలి పట్టుకుని ఉన్నదట. దాన్ని వదిలించకుండా కాంక్రీటు పోస్తే అది స్లాబులోనే ఉండిపోయి, వానాకాలం రాగానే కారడం మొదలుపెడుతుందట. అందుకని మొగిలమ్మ పనివాళ్లందరినీ రేకుల మీదికెక్కించి ఎగిరిస్తుందట. కటింగ్ షాపులో ఇంకో తీరు. ఆమె సమ్మక్కకు మొక్కుకున్నదనీ, ఎన్ని స్లాబులు పోస్తే అన్నిసార్లు డోలు కొట్టించి ఆడిస్తానని మాటిచ్చిందనీ. పోటీ మేస్త్రి వెంకట్రాజం మాత్రం దేవుణ్నీ దయ్యాన్నీ మధ్యకు తేడు. "కల్లు తాగిపిచ్చి దుంకిపిస్తది. గంతే ముచ్చట," అంటాడు.

ఎవరు ఏం చెప్పినా ఎగరడం మాత్రం నిజం. అది గోడ చాటున జరిగేది కాదు. స్లాబు పోయాలంటే ముందు కింద ఇనుప జాకీలు నిలబెడతారు. వాటి మీద కర్ర దూలాలు, దూలాల మీద ఇనుప రేకులు పరుస్తారు. పచ్చి కాంక్రీటు గట్టిపడేదాకా మోసే ఆ ఏర్పాటంతా సెంట్రింగ్. రేకులు పరవడం అయిపోయి, ఇంకా సలాక, అంటే ఇనుప చువ్వలు, కట్టకముందు, నూనె పూయకముందు, మొగిలమ్మ మనుషులు చెప్పులు విప్పి పైకెక్కుతారు. డోలు మోగుతుంది. తట్టలు మోసే ఆడవాళ్లు, రేకులు కొట్టే మగవాళ్లు అందరూ కలిసి తీన్మార్ ఆడతారు. చుట్టుపక్కల డాబాల మీదినుంచి జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తారు.

మొగిలమ్మది వర్ధన్నపేట దగ్గర ఊరు. పెళ్లి కాకముందు వరంగల్‌కు కూలికి వచ్చి, నెత్తిన తట్టతో నిచ్చెనలెక్కింది. ఆ నిచ్చెనల దగ్గరే కట్టయ్య పరిచయమయ్యాడు. ఆయన సెంట్రింగ్ కొట్టేవాడు. పెళ్లయ్యాక ఇద్దరూ కిరాయి రేకులతో పని మొదలుపెట్టి, సంపాదించిన దాంట్లోంచి నాలుగు రేకులు, రెండు జాకీలు అన్నట్టుగా సొంత సామాను కూడబెట్టుకున్నారు. తర్వాత కట్టయ్యకు నడుము పట్టేసింది. బరువులు ఎత్తొద్దని దవాఖానాలో చెప్పారు. ఆయన సామాను దాచే యార్డులో కూర్చుని రేకుల వంకరలు సరిచేయడానికి పరిమితమయ్యాడు. మేస్త్రి పని మొగిలమ్మ ఎత్తుకుంది.

మొదట్లో ఆడమేస్త్రి అని నవ్వినవాళ్లు ఉన్నారు. ఆమె వాళ్లతో పాటు తానూ నవ్వింది. కానీ పని ఒప్పుకునే ముందు ఆమె చూసుకునేవి ఆమెకు ఉన్నాయి. ముందుగా ఇంటి యజమాని దగ్గరికి పోయి చాయ్ తాగేది. చాయ్ నీళ్లగా ఉంటే పని ఒప్పుకునేది కాదు.

"పాలు తక్కువ పోసినోడు సిమెంటు ఎక్కువ పోస్తడా?" అనేది.

జాకీలు లెక్క ప్రకారం సరిపోయేవే కాకుండా మరో బండెడు తీసుకుపోయేది. వాటి కిరాయి గురించి కట్టయ్య గొణిగితే, "జాకీ కిరాయికి ఏడ్చేటోడు, స్లాబు కూలినంక ఏడ్వనీకి ఉండడయ్యా," అని నోరు మూయించేది.

ఎగరడం ఎట్లా మొదలైందో కట్టయ్యను అడిగితే చెబుతాడు. ఒకసారి వినాయకుల నిమజ్జనం ఊరేగింపు పోతుంటే, సెంట్రింగ్ మీదున్న కుర్రాళ్లకు ఆ బ్యాండు విని కాళ్లు ఆగలేదు. పైనే ఆడారు. ఒక మూల రేకు కిందికి జారి, ఒకతని కాలు మోకాలిదాకా దిగబడింది. గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. అందరూ వాణ్ని తిడుతుంటే మొగిలమ్మ మాత్రం వానికి లడ్డూ తెప్పించి పెట్టింది.

"ఎందుకే లడ్డు?" అన్నాడు కట్టయ్య.

"రేపు కాంక్రీటు పోసినంక దిగవడితే మనకు మిగిలేది ఏమున్నది? ఇయ్యాల్నే దిగవడ్డడు, మంచోడు."

అప్పటినుంచి ప్రతి స్లాబుకూ ఆట తప్పలేదు.

తిరుమల ఆ ఇంటికి కోడలిగా రాకముందే ఈ మాటలన్నీ విన్నది. పెళ్లి కుదిరినప్పుడు స్నేహితురాళ్లు వదల్లేదు. "మీ అత్త నిన్ను గూడ రేకుల మీద దుంకిపిస్తదటనే. పట్టీలు గట్టిగ కట్టుకో," అని నవ్వారు. తిరుమలకు నలుగురిలో మాట్లాడాలంటేనే సిగ్గు. ఇక నలుగురి ముందు ఎగరడమా? పెళ్లయ్యాక ఆమె యార్డు దాటి రాలేదు. ఫోన్లు మాట్లాడేది, ఏ సామాను ఏ ఇంటి దగ్గర ఉందో చూసుకునేది. భర్త భరత్ ట్రాలీ ఆటోలో వాటిని తోలేవాడు.

మాట తక్కువైనా ఆమె చూపు ఎక్కువ. సైటు నుంచి వచ్చే సామానులో కొన్ని జాకీలు తమవి కావని, తమవి కొన్ని ఎవరివాటిలోనో కలిసిపోతున్నాయని ఆమే కనిపెట్టింది. ఒక పసుపు పెయింటు డబ్బా తెప్పించి ప్రతి జాకీ మెడకూ ఒక చుక్క పెట్టింది. ఆ తర్వాత జాకీలు తప్పిపోవడం ఆగింది. మొగిలమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించుకుంది. "సూడుండ్రి, నా కోడలు ఇనుముకు గూడ బొట్టు వెట్టింది."

ఆ సంతోషంలోనే ఒకనాడు అన్నం తింటూ ఒక మాట అన్నది. "నువ్వు ఒక పని పట్టుకరా బిడ్డా. కింది స్లాబు నేను పోస్త. పై స్లాబు నువ్వు పొయ్యి. మేస్త్రివి నువ్వే."

తిరుమల ముద్ద నోటిదాకా తెచ్చి ఆపింది. అంతవరకు ఆమెను ఎవరూ దేనికీ పెద్దగా పెట్టలేదు. ఆ రోజునుంచి ఆమెకు ఫోనులో కొత్త నంబరు మోగినా, రోడ్డు పక్కన కంకర కుప్ప కనబడినా ఆ పై స్లాబే గుర్తుకొచ్చేది.

పని దొరికింది. ఆమె చిన్నమ్మ శోభారాణి భర్త రాంప్రసాద్‌కు మట్టెవాడలో రెడీమేడ్ బట్టల దుకాణం ఉంది. పాత పెంకుటిల్లు పడగొట్టి అదే జాగాలో రెండంతస్తులు కట్టుకుంటున్నాడు. తిరుమల ఫోను చేస్తే, "వెంకట్రాజం తక్కువకు జేస్తా అంటాండు బిడ్డా," అన్నాడు. తిరుమల ఎంత తగ్గించగలదో అంత తగ్గించింది. ఆయన ఇంకా నసిగాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"నా ఫికర్ రేటు గురించి కాదు తల్లీ. మీ అత్త ఎగిరిపిస్తది సూడు, అది. మా గల్లిల నాకు ఇజ్జత్ ఉన్నది. రేపు దుకాణానికొచ్చిన గిరాకి నన్ను జూసి నవ్వద్దు. గా ఎగురుడు లేకుంటె మీకు గూడ పూట కూలీ మిగులుతది గదా? అది లేదంటె పని నీదే. పై అంతస్తు గూడ నీదే."

తిరుమలకు ఆ లెక్క నచ్చింది. పూట కూలీ, డోలు ఖర్చు, సలాక కట్టేవాళ్లు ఖాళీగా కూర్చునే ఆ పూట, అన్నీ మిగులుతాయి. అంతకంటే ఎక్కువగా, ఆ ఆట తన చుట్టాల గల్లీలో జరగకపోవడం నచ్చింది.

"సరే బాబాయి. ఎగురుడు ఉండది," అన్నది.

అత్తకు చెప్పాలనుకుంది. నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చేవారు, లేదా వచ్చారని ఆమె అనుకునేది. అట్లా సెంట్రింగ్ పూర్తయ్యే రోజు వచ్చేసింది.

ఆషాఢం ముంచుకొస్తోంది. అది రాకముందే స్లాబు పడాలని పంతులు ముహూర్తం పెట్టాడు. రాత్రి మంచి వాన పడింది, తెల్లారి ఎండ కాసింది. తిరుమల మొదటిసారి సైటుకు వచ్చింది. గల్లీ ఇరుకు, రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి. ఆ ఇరుకులో సలాక కట్టలు దించుకుని, సలాక మేస్త్రి దేవదానం మెడలో డోలు వేసుకుని నిలబడి ఉన్నాడు. అది చర్చి డోలు. క్రిస్మస్‌కు ఊరేగింపులో కొట్టేదే స్లాబులకూ కొడతాడు.

రాంప్రసాద్ దుకాణానికి బయల్దేరబోతూ ఆ డోలు చూశాడు. తిరుమల వైపు తిరిగాడు.

"ఇదేందమ్మా?"

తిరుమల నేల చూపులు చూసింది.

"ఎగురుడు లేదన్నవ్ గదా?"

మొగిలమ్మ జాకీల మధ్యనుంచి బయటకు వచ్చింది. నెత్తికి తువ్వాల, చీర మీద కట్టయ్య పాత చొక్కా. కోడలి ముఖం చూసి, రాంప్రసాద్ ముఖం చూసి విషయం పట్టేసింది.

"అన్నా, జర చాయ్ తాగుండ్రి. ఇప్పుడే వస్తం," అని తిరుమలను పక్కకు, ఇసుక కుప్ప దగ్గరికి తీసుకుపోయింది.

"మాటిచ్చినవా?"

"ఇచ్చిన అత్తమ్మా. చెబ్దామనుకున్న."

తిడుతుందేమోనని తిరుమల చూసింది. మొగిలమ్మ తువ్వాల విప్పి దులిపి మళ్లీ కట్టుకుంది.

"ఇచ్చిన మాట పోవద్దు. అట్లనే కానియ్యి. కాని నేనైతే ఎగరకుంట పొయ్య. ఈ స్లాబు గూడ నువ్వే పొయ్యి. ఇగో, ఇప్పటిసంది మేస్త్రివి నువ్వు. సలాక కట్టుమని దేవదానంకు జెప్పు. నేను ఇంటికి పోత."

"అత్తమ్మా..."

"కోపం లేదు బిడ్డా. దందాల నష్టం వస్తె ఇద్దరం మోస్తం. మనుషుల పాణం మాత్రం మేస్త్రి ఒక్కతే మొయ్యాలె. నువ్వు మోస్తనంటె నాకు సంబురమే."

తిరుమల సెంట్రింగ్ వైపు చూసింది. వరుసగా నిలబడ్డ జాకీలు, ప్రతిదాని మెడ మీద తను పెట్టిన పసుపు చుక్క. ఎల్లుండి ఆ రేకుల మీద కాంక్రీటు, దాని మీద తట్టలు పట్టుకున్న మనుషులు. వాళ్లలో ఒకామె ఇప్పుడు గోడకానుకుని పాన్ నములుతూ, ఎవరితోనో బిడ్డ స్కూలు ఫీజు గురించి మాట్లాడుతోంది. సలాక కట్టమని చెప్పడానికి రెండే మాటలు చాలు. ఆ రెండు మాటలూ ఆమె నోటికి రాలేదు.

ఆమె గల్లీలోకి నడిచింది. రాంప్రసాద్ చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. చుట్టూ ఇరుగుపొరుగు నలుగురు చేరారు. ఎదురింటి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఆయన తల్లి లక్ష్మీనర్సమ్మ కూర్చుని ఉంది. ఇల్లు కట్టేదాకా వాళ్లు ఆ ఇంట్లోనే కిరాయికి ఉంటున్నారు.

"బాబాయి," అన్నది తిరుమల. గొంతు చిన్నగా వచ్చింది. మళ్లీ అన్నది. "బాబాయి, మాటిచ్చింది నేనే. తప్పుతాంది గూడ నేనే. ఎగరకుంట పొయ్యం."

"అంటె?"

"రేటు పెంచ. గదే రేటు. పై స్లాబు నీ ఇష్టం, ఎవలకన్న ఇచ్చుకో."

చెప్పిన తర్వాతే ఆ చివరి మాట ఎంత బరువో ఆమెకు తెలిసింది. కళ్లలో నీళ్లు రాకుండా ఆగబట్టుకుంది.

"మంచిగున్నది. నెత్తి మీదికి ఆషాఢం వస్తాంది, ఇప్పుడు వేరేటోన్ని ఏడ తేవాలె నేను?" అన్నాడు రాంప్రసాద్. "వెంకట్రాజమైతె ఈపాటికి సలాక గూడ కట్టేటోడు. మీరు నన్ను గల్లిల బద్నాం చేస్తాన్రు."

"ఏందిరా లొల్లి?" అన్నది లక్ష్మీనర్సమ్మ అరుగు మీదినుంచి. ఆమెకు చెవులు కొంచెం మందం, కళ్లు మాత్రం చురుకు. "ఆ డోలు ఎవలది?"

"ఏం లేదవ్వా. నువ్వు కూసో."

"కూసునే ఉన్న గదా. డోలు ఎవలది అంటాన్న."

"నాదే అవ్వా," అన్నాడు దేవదానం. "రేకుల మీద తీన్మార్ ఆడేదుండె. మీ కొడుకు వద్దంటాండు."

లక్ష్మీనర్సమ్మ కొడుకును పైనుంచి కిందికి చూసింది. "ఇంటి ముంగటికి డోలు వచ్చినంక కొట్టకుంట పంపుతరారా? పీనుగు లేసినంకనే డోలు ఉత్తగ మర్లిపోతది. నా ఇంట్ల నేనింకా బతికే ఉన్న."

"అవ్వా, గట్ల గాదే..."

"గట్లనే. నీ లగ్గంల నీ పెండ్లాం కంటె ముందుగాల నువ్వే ఎగిరినవ్. అప్పుడు లేదా ఇజ్జతు?"

గల్లీ అంతా నవ్వింది. శోభారాణి కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. రాంప్రసాద్ చాయ్ గ్లాసులోకి చూస్తూ, "కొట్టుండ్రి ఇగ. తొందరగ కొట్టి ఎల్లగొట్టుండ్రి," అన్నాడు.

డోలు మొదలైంది. చెప్పులన్నీ ఇసుక కుప్ప దగ్గర కుప్పపడ్డాయి. అందరూ నిచ్చెనెక్కుతుంటే పాన్ నమిలే ఆమె తిరుమల చెయ్యి పట్టుకుంది. "కొత్త మేస్త్రీ, నువ్వు ఎక్కవా?" తిరుమల వద్దంటూనే నిచ్చెన మీద ఉంది. పైకెక్కాక రేకుల వేడి అరికాళ్లకు తగిలింది. ఆ పాత చొక్కాల ఆడవాళ్లు, సిమెంటు మరకల లుంగీల మగవాళ్లు వరుసగా అంచుల వెంట కదిలారు. దూరంనుంచి వీడియోల్లో చూస్తే పిచ్చి గంతుల్లా కనబడేది. దగ్గరగా చూస్తే దానికో వరస ఉంది. ముందు అంచులు, తర్వాత మూలలు, ఆ తర్వాత నడిమధ్య. ఏ రేకూ వదిలిపెట్టరు. ఒక్కో చోట డోలు వేగం పెరుగుతుంది, అందరూ అక్కడే గట్టిగా దుముకుతారు.

తిరుమల మొదట కాళ్లు కదిపింది. తర్వాత చేతులు. కింద గల్లీలో ఫోన్లు పైకి లేచాయి. చిత్రంగా అవి ఆమెకు కనబడటం మానేశాయి. చెమట కారుతోంది, జడ ఊడింది, పక్కనామె పాట తప్పు పాడుతుంటే ఆమెకు నవ్వు ఆగడం లేదు. కింద లక్ష్మీనర్సమ్మ కుర్చీలోంచి లేచి, అరుగు మీదే చేతులు తిప్పుతూ ఆడుతోంది.

వెనుక మూలకు చేరి గట్టిగా దుమికారో లేదో, విజిల్ మోగింది.

డోలు ఆగింది. ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు. ఆ విజిల్‌కు మొగిలమ్మ మనుషులు ఎంత అలవాటుపడ్డారంటే, గాలిలో ఉన్న కాలును కూడా మెల్లగా దించారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి నడిచి నిచ్చెన దిగారు. మొగిలమ్మ గోడ పక్కన నిలబడి ఉంది, మెడలో విజిల్, ముఖం నిండా దుమ్ము.

"ఎనుక మూలకు భూమి కుంగుతాంది. ఏమున్నదన్నా ఆడ?"

"ఏముంటది? మన్నే," అన్నాడు రాంప్రసాద్. అయినా చూడటానికి లోపలికి వచ్చాడు. మూలనున్న జాకీలు కొన్ని అడుగు పలకలతో సహా మెత్తటి మట్టిలోకి దిగి, పైన దూలాన్ని వదిలేశాయి. దూలానికీ జాకీకీ మధ్య చెయ్యి పట్టేంత సందు. ఆయన అందులో వేళ్లు పెట్టి చూసుకున్నాడు.

లక్ష్మీనర్సమ్మ కోడలి భుజం పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. చూసి, "ఆడ మన చేదబాయి ఉండె గదా," అన్నది.

"బాయా?"

"నువ్వు లాగు ఏసుకోనప్పుడు. పిల్లగాడు పడతడని మీ బాపు పూడ్పిచ్చిండు. పెంకులు, బొంతలు, ఏది దొరికితె అది ఏసిన్రు. ఆ పిల్లగానివి నువ్వే."

"మరి చెప్పవైతివేందే అవ్వా? పునాది తీసినప్పుడు ఈన్నే కూసున్నవ్ గదా."

"నన్ను ఎవలడిగిన్రు?"

పునాది గుంతలు ఆ బావిని ఎటూ తాకలేదు, పక్కనుంచి పోయాయి. రాత్రి వాన ఆ పాత పూడికలోకి దిగింది. అది ఎవరి తప్పూ కాదు. ముప్పై నలభై ఏళ్ల కిందటి బొంతలు మెత్తబడ్డాయి, అంతే. తట్టల ఆమె ఆ మూలకేసి చూసి ఏసుప్రభువుకో సమ్మక్కకో దండం పెట్టుకుంది.

భరత్ ట్రాలీలో యార్డుకు పోయి మందపాటి కర్రదుంగలు తెచ్చాడు. బావి మూతికి ఇవతలి గట్టి నేలనుంచి అవతలి గట్టి నేలదాకా వాటిని పరిచి, వాటి మీద జాకీలు నిలబెట్టారు. ఎప్పుడూ ఎక్కువ తెస్తుందని కట్టయ్య గొణిగే ఆ అదనపు జాకీలన్నీ ఆ మూలకే సరిపోయాయి.

"ఇగ అయింది గదా," అన్నాడు రాంప్రసాద్.

"ఏడయింది? మల్ల ఎగురాలె," అన్నది మొగిలమ్మ.

ఈసారి ఆయన వద్దనలేదు. ప్యాంటు మడుచుకుని, వాచీ విప్పి తిరుమల చేతికిచ్చి నిచ్చెనెక్కాడు. దుకాణం ఆ పూట తెరుచుకోలేదు. ఆయన ఆడిన తీన్మార్ గల్లీలో ఇంకా చెప్పుకుంటారు. దాంట్లో చేతులు ఎక్కువ, కాళ్లు తక్కువ. "ఏ అన్నా, బట్టలు మడతపెడ్తానవా?" అని దేవదానం డోలు మీదినుంచే అరిచాడు.

ముహూర్తానికి స్లాబు పడింది. ఆ రోజు దావత్‌లో మటన్ ఎసరు చిక్కగా ఉందనీ, రాంప్రసాద్ తనే తిరిగి తిరిగి వడ్డించాడనీ మొగిలమ్మ యార్డులో అందరికీ చెప్పుకుంది. తిరుమలకు మాత్రం ముద్ద సరిగా దిగలేదు. పై స్లాబు తన నోటితోనే వదులుకుంది కదా.

చేయి కడుక్కుంటుంటే రాంప్రసాద్ పక్కకు వచ్చాడు. "తిరుమలా, పై అంతస్తుకు మీ అత్త ఎన్నడొస్తది?"

"మమ్మల్నే రమ్మంటానవా బాబాయి?"

"ఎగురుడు లేదంటె మాత్రం వద్దు. మా దుకాణం పిల్లలు గూడ వస్తా అంటాన్రు," అన్నాడు. వెనకనుంచి మొగిలమ్మ అందుకుంది. "నేనెందుకొస్త అన్నా? పై స్లాబు మేస్త్రి ఈమెనే."

శ్రావణంలో పై స్లాబు సెంట్రింగ్ తిరుమలే కొట్టించింది. దూలం వంకరగా ఉందని రెండుసార్లు విప్పించింది. గొంతు చిన్నదే, కానీ దగ్గరికి వచ్చి వినేవాళ్లు. కింది గదిలో ఆ పాత బావిని రాంప్రసాద్ తోడించి, కంకరతో దిమ్మిస కొట్టించాడు. ఆట రోజున గల్లీ నిండింది. దుకాణం పిల్లలు కొత్త చొక్కాలతో వచ్చారు. లక్ష్మీనర్సమ్మ కుర్చీని ముందు వరుసలో వేశారు.

దేవదానం డోలు సవరించుకున్నాడు. తిరుమల చెప్పులు విప్పి, కొంగు దోపుకుని నిచ్చెన మీద కాలు పెట్టింది. మొగిలమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

"ఎటు?"

"ఎగురనీకి."

"ఎగురుడు పనోల్లది. ఆనాడు నువ్వు సుట్టానివి. ఇయ్యాల మేస్త్రివి. దా."

రేకుల కిందికి తీసుకుపోయింది. లోపల సన్నటి చీకటి. రేకుల సందుల్లోంచి వెలుగు గీతలుగా పడుతోంది, ఎటు చూసినా జాకీలే. పైన డోలు మొదలయ్యేసరికి ఆ కిందంతా గుడిగంట లోపల ఉన్నట్టు మోగింది. దుమ్ము రాలి తిరుమల కనురెప్పల మీద పడింది.

"చెయ్యి పెట్టు," అని మొగిలమ్మ ఆమె అరచేతిని ఒక జాకీకి ఆనించింది. "అదురుతాందా?"

"అదురుతాంది."

"మోస్తాందన్నట్టు. అదరకుంటె ఉత్తగ నిలబడ్డదన్నట్టు. కుంగితె నీ చేతిలనే తెలుస్తది. ఆళ్లు ఎటు పోతె అటు పో."

పైన అడుగులు అంచు వెంట కదిలాయి. కింద ఇద్దరూ ఆ అడుగుల వెంటే కదిలారు, ఒక జాకీ నుంచి ఇంకో జాకీకి. మూల దగ్గర పైవాళ్లు గట్టిగా దుమికినప్పుడు తిరుమల తల దానంతట అదే భుజాల్లోకి ముడుచుకుంది.

"అత్తమ్మా, మీద పడితె?"

"నేను నిలబెట్టిన జాకీ పడితె ముందుగాల నా మీద పడాలె. గందుకే గట్టిగ నిలబెడత." మొగిలమ్మ నవ్వింది. "ఈడికెల్లి ఇంటె డోలు ఎంత మంచిగుంటదో సూడు."

నిజమే, చాలా బాగుంది. తిరుమల రెండో చెయ్యి పక్క జాకీ మీద పెట్టింది. అదీ అదురుతోంది. ఆ మూలంతా అదురుతోంది. పైన రాంప్రసాద్ ఏదో అరుస్తున్నాడు, జనం నవ్వుతున్నారు. విజిల్ వేయాల్సిన పని పడలేదు. ఆట అయ్యాక, "మీ అమ్మ కింద ఉంటదని ఎన్నడు జెప్పవైతివి," అని తిరుమల భరత్‌ను అడిగితే, "అందరికి ఎరుకే గదా అనుకున్న," అన్నాడు.

మట్టెవాడలో ఇప్పుడు ఆ కథ కొత్త రూపంలో తిరుగుతోంది. మొగిలమ్మ డోలు కొట్టించి పాత బావిలోని గాలిని లేపిందనీ, అది రాంప్రసాద్‌కు పూని ఆడించిందనీ చాయ్ హోటల్లో అంటున్నారు. వీడియో కూడా చూపిస్తారు. అందులో రేకుల మీద ఎగిరేవాళ్లందరూ కనబడతారు.

వాళ్లు ఎగిరినంతసేపూ, మొదటి స్లాబు నుంచి ఈనాటిదాకా, మొగిలమ్మ ఆ రేకుల కిందే ఉంది.